మూర్తం నుండి అమూర్తానికి

పాఠ్యభాగ ఉద్దేశం

కంటికి కనిపించే వస్తువుల నుండి కనిపించని భావాలను వేరుచేసి గ్రహించగల శక్తి మానవుని భాషకు, శాస్త్రానికి, కళకు మూలం. ఆ శక్తి స్వభావాన్ని, అది సాధించిన ఫలితాలను, ఏమరుపాటుతో ప్రయోగించినప్పుడు అది కలిగించే అనర్థాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

లోకంలో వట్టి 'చెట్టు' ఎక్కడా లేదు. ఉన్నవి వేప, చింత, రావి, మామిడి మొదలైనవి. వేపలలోనైనా వట్టి 'వేప' లేదు. బడి ముంగిట ఉన్న వేప వేరు, చెరువుగట్టున ఉన్న వేప వేరు. ఒకదాని మాను నిటారుగా ఉంటుంది. మరొకదాని కొమ్మ గాలివానకు విరిగి వేలాడుతుంటుంది. ఆ ఒక్క చెట్టు సైతం చైత్రంలో ఉన్నట్లు మాఘంలో ఉండదు. ఇన్ని భేదాలున్నప్పటికీ నాలుగేళ్ల పసివాడు వాటన్నింటినీ చూపి 'చెట్టు' అంటాడు. ఆకుల ఆకారాన్ని, మాను లావును, పూల రంగును, నీడ చల్లదనాన్ని పక్కకు నెట్టి, అన్నింటిలో సమానంగా ఉన్నదానిని మాత్రమే పట్టుకుంటాడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే ఆ పసివాడు చేసిన ఈ పని మానవుని ఆలోచనకు తొలిమెట్టు. దీనినే అమూర్తీకరణం అంటారు.

మూర్తి అనగా ఆకృతి. కన్ను చూడగలిగినది, చేయి తాకగలిగినది, కాలానికీ చోటుకూ కట్టుబడి ఉన్నది మూర్తం. ఆకృతిని విడిచి బుద్ధికి మాత్రమే గోచరించేది అమూర్తం. ఎర్రని పువ్వు మూర్తం, ఎరుపుదనం అమూర్తం. అన్నం పెట్టిన తల్లి మూర్తం, వాత్సల్యం అమూర్తం. మూర్తం నుండి అమూర్తానికి సాగే మార్గంలో మనిషి చేసే పనులు రెండు. మొదటిది విడిచిపెట్టడం, రెండవది నిలుపుకోవడం. దేనిని విడవాలో, దేనిని నిలుపుకోవాలో తెలిసి చేసిన పని జ్ఞానాన్ని ఇస్తుంది. తెలియక చేసినది భ్రాంతిని ఇస్తుంది. భాషలో, గణితంలో, కవిత్వంలో, చిత్రకళలో, చివరకు పరిపాలనలో కూడా ఈ విడవడం, నిలపడం ఎట్లా జరిగాయో పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది.

పదం వెనుక ఉన్న ఈ మర్మాన్ని ప్రాచీన భారతీయ తార్కికులు లోతుగా చర్చించారు. నల్లావు, తెల్లావు, కొమ్ము విరిగిన ఆవు, చూడి ఆవు అన్నీ 'ఆవు' అనే ఒక్క మాటతో ఎట్లా తెలుస్తున్నాయి అన్నది వారి ప్రశ్న. ఆవులన్నింటిలోనూ 'గోత్వం' అనే ఒక సామాన్య ధర్మం ఉన్నదనీ, మాట దానిని ఆశ్రయించి అర్థాన్నిస్తుందనీ నైయాయికులు చెప్పారు. బౌద్ధ తార్కికుడైన దిఙ్నాగుడు దీనిని అంగీకరించలేదు. ప్రతి ఆవూ దేనికదే ప్రత్యేకమనీ, 'ఆవు' అనే మాట ఆవు కాని వాటినన్నింటినీ తోసివేయడం ద్వారానే అర్థాన్ని తెలుపుతుందనీ అతని సిద్ధాంతం. దీనికే అపోహవాదమని పేరు. ఒకరి చూపు నిలుపుకున్న దానిపై ఉన్నది, మరొకరి చూపు విడిచిపెట్టిన దానిపై ఉన్నది. వందల ఏళ్లు సాగిన ఈ వాదం ఒక సత్యాన్ని తేటపరచింది. మనిషి పలికే అతి సామాన్యమైన మాటలో సైతం ఒక ఎంపిక దాగి ఉన్నది.

సంఖ్య విషయంలో ఈ ఎంపిక మరింత కష్టమైనది. మూడు మేకలను చూడవచ్చు, మూడు కుండలను చూడవచ్చు. మేక, కుండ ఏదీ లేని వట్టి 'మూడు'ను ఎవరూ చూడలేదు. దానిని వస్తువు నుండి విడదీయడానికి మానవజాతికి చాలా కాలం పట్టింది. క్రీ.పూ. 4వ సహస్రాబ్ది చివర మెసపొటేమియాలోని ఉరుక్ నగరపు లేఖకులు మట్టి పలకలపై లెక్కలు రాశారు. గొర్రెలను లెక్కించేటప్పుడు వారి గుండ్రని గుర్తు ఒకటి పది చిన్న గుర్తులకు సమానం. బార్లీ ధాన్యాన్ని కొలిచేటప్పుడు అదే గుర్తు ఆరింటికి సమానం. అనగా గొర్రెల లెక్క వేరు, గింజల లెక్క వేరు. వస్తువును బట్టి సంఖ్య విలువ మారుతుండేది. అన్ని వస్తువులకూ ఒకే విధంగా చెల్లే సంఖ్య ఆ తరువాతి తరాల సాధన.

ఆ పాత భేదపు ఛాయ వంటిది తెలుగు భాషలో నేటికీ ఒకటి ఉన్నది. చెట్లు రెండు, ఎద్దులు రెండు, ఊళ్లు రెండు. మనుషులు మాత్రం ఇద్దరు. అట్లాగే ముగ్గురు, నలుగురు, ఐదుగురు. సంఖ్య పెరిగిన కొద్దీ 'మంది' అనే మాట వచ్చి చేరుతుంది. వంద రాళ్లు అనవచ్చు కాని మనుషుల విషయంలో వంద మంది అనాలి. 'రెండు మనుషులు' అన్నవానిని చూసి పల్లెటూరి ముసలమ్మ కూడా నవ్వుతుంది. గణితశాస్త్రానికి ఈ భేదంతో పనిలేదు. రెండు అయినా, ఇద్దరు అయినా దానికి ఒక్కటే. భాష మాత్రం మనిషిని లెక్కించేటప్పుడు అతడు వస్తువు కాడన్న సంగతిని మరువనివ్వదు. ఈ చిన్న విశేషాన్ని గుర్తుంచుకోవడం అవసరం. దీని విలువ పాఠం చివర తెలుస్తుంది.

వస్తువు నుండి విడివడిన సంఖ్య అద్భుతాలను సాధించింది. లేని వస్తువును లెక్కించడం అర్థం లేని పనిగా తోస్తుంది. అయినా క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు తన 'బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం'లో శూన్యాన్ని కూడా ఒక సంఖ్యగా స్వీకరించి, దానితో సంకలన వ్యవకలనాలు చేసే విధానాన్ని నిర్దేశించాడు. ఒక సంఖ్య నుండి అదే సంఖ్యను తీసివేస్తే మిగిలేది శూన్యమన్నాడు. చేతిలో ఉన్న సొమ్మును ధనమనీ, తీర్చవలసిన అప్పును ఋణమనీ పేర్కొని, రెండు ఋణాల మొత్తం ఋణమే అవుతుందన్నాడు. నేటి గణిత పుస్తకాలలోని ధన సంఖ్యలు, ఋణ సంఖ్యలు అనే పేర్లకు మూలం ఇదే. సున్న కంటె తక్కువ సంఖ్య ఎట్లా ఉంటుందని తికమకపడే విద్యార్థికి ఆ పేరే సమాధానం చెబుతుంది. అప్పు తీసుకున్నవానికి అది ఎట్లా ఉంటుందో బాగా తెలుసు. అమూర్తమైన భావం ఎంత ఎత్తుకు ఎదిగినా దాని వేరు మనుషుల బతుకులోనే ఉన్నదనడానికి ఇది మంచి నిదర్శనం.

విడిచిపెట్టడంలోని బలాన్ని తెలిపే మరొక ఉదాహరణ కూడా గణితం నుండే వచ్చింది. నేడు రష్యాలో కాలినిన్‌గ్రాడ్ అని పిలిచే నగరానికి 18వ శతాబ్దిలో కోనిగ్స్‌బర్గ్ అని పేరు. ప్రెగెల్ నది ఆ నగరాన్ని నాలుగు భూభాగాలుగా విడదీసింది. వాటిని కలుపుతూ ఏడు వంతెనలు ఉండేవి. ఏ వంతెననూ రెండోసారి దాటకుండా, ఏ వంతెననూ విడవకుండా నగరమంతా తిరిగి రావచ్చునా అన్నది అక్కడి వారికి ఒక వినోద ప్రశ్న. 1735లో గణితవేత్త లియొనార్డ్ ఆయిలర్ దీనికి సమాధానం చెప్పాడు. అతడు వీధులను విడిచాడు, ఇండ్లను విడిచాడు, వంతెనల పొడవును, నది వెడల్పును విడిచాడు. ఏ భూభాగానికి ఎన్ని వంతెనలు తగిలి ఉన్నాయన్న ఒక్క విషయాన్నే నిలుపుకున్నాడు. నడక మధ్యలో ఒక భూభాగంలోకి ఒక వంతెన మీదుగా వచ్చినవాడు మరొక వంతెన మీదుగా బయటకు పోవాలి. కనుక అక్కడి వంతెనలు జతలుగా ఉండాలి. బయలుదేరిన చోట, ఆగిన చోట మాత్రమే బేసి సంఖ్య ఉండవచ్చు. కోనిగ్స్‌బర్గ్‌లో ఒక భూభాగానికి ఐదు వంతెనలు, తక్కిన మూడింటికీ మూడేసి వంతెనలు ఉన్నాయి. నాలుగూ బేసి సంఖ్యలే. కాబట్టి ఆ నడక అసాధ్యం. నగరంలో ఒక్క అడుగైనా వేయనవసరం లేకుండా తేలిన ఈ సమాధానం నుండి గణితంలో ఒక కొత్త శాఖయే పుట్టింది. రహదారులను, తంతి తీగలను, కంప్యూటర్లను కలిపే మార్గాలను గురించి ఆలోచించేవారికి నేడు అది ఆధారం.

గణితానికి దూరంగా ఉన్నదనిపించే కవిత్వంలో కూడా ఇదే పద్ధతి కనబడుతుంది. ఛందశ్శాస్త్రం మాటలోని అర్థాన్ని పూర్తిగా విడిచి, దానిని పలకడానికి పట్టే కాలాన్ని మాత్రమే నిలుపుకొన్నది. ఒక మాత్రకాలంలో పలికేది లఘువు, రెండు మాత్రల కాలంలో పలికేది గురువు. ఈ రెండు గుర్తులను మూడేసి చొప్పున కూరిస్తే ఎనిమిది గణాలు మాత్రమే ఏర్పడతాయి. తొమ్మిదవది ఏర్పడడానికి వీలు లేదు. పింగళుని ఛందశ్శాస్త్రంలోని ప్రస్తార విధానం ఇటువంటి కూర్పులన్నింటినీ ఒక్కటీ జారిపోకుండా వరుసగా రాబట్టే పద్ధతిని చూపింది. భ, ర, న, భ, భ, ర, వ అనే గణాలు వరుసగా వస్తే ఇరవై అక్షరాల ఉత్పలమాల పాదమవుతుంది. ఆ పాదంలో యుద్ధాన్ని వర్ణించినా, వసంతాన్ని వర్ణించినా గణాలు మారవు.

ఛందస్సు దృష్టిలో 'కోకిల', 'ఆకలి' అనే మాటలకు భేదం లేదు. రెండింటిలోనూ ఒక గురువు, రెండు లఘువులు. రెండూ భగణాలే. 'మానవ', 'దానవ' అనే మాటలు కూడా భగణాలే. మనిషికీ రాక్షసునికీ మధ్య ఉన్న అంతరాన్ని గణం ఎరుగదు. ఎరగకపోవడమే దాని బలం. అందువల్లనే అది వేయి సంవత్సరాలుగా వేలాది కవులకు, వేర్వేరు కథలకు ఉపయోగపడింది. అయితే గణాలను సరిగా కూర్చినంత మాత్రాన కవిత్వం కాదు. కోకిల ఉండవలసిన చోట ఆకలిని నిలిపితే లక్షణం చెడదు కాని పద్యం చెడుతుంది. విడిచిన అర్థాన్ని మళ్లీ తెచ్చి ఆ చట్రంలో ప్రతిష్ఠించినవాడే కవి. లాక్షణికుడు మాట నుండి గణానికి ఎక్కుతాడు. కవి గణం నుండి మాటకు దిగివస్తాడు. ఎక్కడం ఎంత ముఖ్యమో దిగిరావడం అంతే ముఖ్యం.

కళలో అమూర్తత అనగానే ఆధునిక పాశ్చాత్య చిత్రాలను తలచుకోవడం వాడుక. నిజానికి అది తెలుగువారి ముంగిళ్లలో ప్రతి ఉదయం కనిపిస్తుంది. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ పిండిగీతను మెలికలుగా తిప్పి వేసే ముగ్గు ఏ వస్తువుకూ ప్రతిబింబం కాదు. అందులో ఉన్నది అమరిక, సమత, లయ. ఇంకా వెనుకకు వెళ్తే కృష్ణాతీరంలోని అమరావతి స్తూపం కనబడుతుంది. ఆ స్తూపపు తొలి దశకు చెందిన శిల్పాలలో బుద్ధుడు మనిషి రూపంలో కనిపించడు. అతడు కూర్చోవలసిన చోట ఖాళీ ఆసనం ఉంటుంది. లేదా బోధివృక్షమో, చక్రలాంఛనం గల పాదముద్రలో ఉంటాయి. చుట్టూ ఉన్న భక్తులు మాత్రం చేతులు జోడించి స్పష్టమైన మానవాకృతులతో కనిపిస్తారు. చెక్కడం చేతకాక శిల్పి ఆ ఆసనాన్ని ఖాళీగా ఉంచలేదు. చుట్టూ ఉన్న మనుషులను అంత సజీవంగా చెక్కినవానికి మరొక్క మనిషిని చెక్కడం కష్టం కాదు. ఆ ఖాళీయే చూపరి మనస్సులో బుద్ధుని నిలుపుతుంది. తరువాతి కాలపు అమరావతి శిల్పాలలో బుద్ధుని మూర్తి కూడా కనిపిస్తుంది. రెండు మార్గాలూ ఒకే స్తూపం మీద సహజీవనం చేశాయి.

అమూర్త చిత్రమంటే ఇష్టం వచ్చినట్లు గీసినదనీ, చేయి తిరగనివాడు గీసినదనీ కొందరు భావిస్తారు. స్పెయిన్ దేశీయుడైన పాబ్లో పికాసో చేసిన ఒక ప్రయత్నం ఈ అపోహను తొలగిస్తుంది. పారిస్ నగరంలో 1945 డిసెంబరు, 1946 జనవరి నెలలలో అతడు ఒక ఎద్దు బొమ్మను రాతి అచ్చు పద్ధతిలో పదకొండు దశలుగా రూపొందించాడు. తొలి దశలలో ఎద్దు వెంట్రుకలతో, కండలతో, బరువైన మూపురంతో నిజమైన జంతువువలె ఉంటుంది. మధ్య దశలలో కండల పొందికను తెలిపే గీతలు బయటపడతాయి. అటుపైన ఒక్కొక్క దశలో ఒక్కొక్కటి తొలగిపోతూ, చివరి బొమ్మలో కొద్దిపాటి గీతలు మాత్రమే మిగులుతాయి. అయినా దానిని చూసినవారెవరూ మేక అనిగాని, గుర్రమనిగాని అనరు. అది ఎద్దే. మొదటి బొమ్మ గీయలేనివాడు పదకొండవ బొమ్మను గీయలేడు. ఏది తీసివేసినా ఎద్దు ఎద్దుగా మిగులుతుందో తెలియాలంటే ముందు ఎద్దును సంపూర్ణంగా తెలిసి ఉండాలి. తెలిసి విడవడం వేరు, తెలియక విడవడం వేరు.

భారతీయ చిత్రకారులలో సయ్యద్ హైదర్ రజా మార్గం కూడా ఇటువంటిదే. 1922లో నేటి మధ్యప్రదేశ్‌లోని ఒక అటవీ గ్రామంలో జన్మించిన రజా బాల్యంలో చదువుపై మనస్సు నిలపలేకపోయేవాడు. అప్పుడు ఉపాధ్యాయుడు గోడపై ఒక చుక్క పెట్టి, దానినే చూస్తూ ఉండమన్నాడు. రజా 1950లో పారిస్ చేరాడు. అక్కడ చాలా కాలం ఊళ్లను, ఇండ్లను, ప్రకృతి దృశ్యాలను చిత్రించాడు. దశాబ్దాల తరువాత ఆ చుక్క 'బిందువు'గా అతని చిత్రాలకు కేంద్రమైంది. చీకటికి, బీజానికి, సృష్టికి అది సంకేతమైంది. గోడ మీది చుక్కకు, చిత్రంలోని బిందువుకు ఆకారంలో భేదం స్వల్పం. ఆ రెండింటి నడుమ ఒక జీవితకాలపు అనుభవం ఉన్నది.

చిత్రంలో రేఖ ఏ పని చేస్తుందో నాటకంలో రసం ఆ పని చేస్తుంది. సత్యహరిశ్చంద్ర నాటకంలోని కాటిసీను తెలుగుదేశంలో తరతరాలుగా ప్రేక్షకులను కంటతడి పెట్టించింది. చంద్రమతి కుమారుని కళేబరాన్ని ఒడిలో పెట్టుకొని విలపిస్తుంటే పందిట్లో కూర్చున్నవారు ఏడుస్తారు. చంద్రమతి వారికి బంధువు కాదు. రంగం మీద ఉన్నది నటుడనీ, బిడ్డ మరణించలేదనీ అందరూ ఎరుగుదురు. అయినా దుఃఖం కలుగుతున్నది, ఆ దుఃఖాన్ని మళ్లీ చూడాలనిపిస్తున్నది. ఈ చిత్రమైన అనుభవాన్ని వివరించడానికి భట్టనాయకుడు 'సాధారణీకరణం' అనే భావనను ప్రతిపాదించాడు. అభినవగుప్తుడు దానిని మరింత విపులీకరించాడు. నాటకం చూసే వేళ ఆ దుఃఖం చంద్రమతిది మాత్రమే అన్న భావం తొలగిపోతుంది, 'నాది' అన్న భావం కూడా తొలగిపోతుంది. వ్యక్తుల నుండి విడివడిన దుఃఖం అందరిదీ అవుతుంది. అందువల్లనే అది బాధించక ఆస్వాద్యమవుతుంది. కాని ఆ సాధారణమైన దుఃఖాన్ని చేరడానికి దారి చంద్రమతి అనే ఒక తల్లి, లోహితాస్యుడనే ఒక బిడ్డ మాత్రమే. 'పుత్రశోకం దుస్సహం' అని వేదిక మీద ప్రకటిస్తే ఎవరికీ కన్నీరు రాదు.

ఇంతవరకు చెప్పిన ఉదాహరణలన్నీ అమూర్త భావన సాధించిన మేలును తెలిపేవి. దీనికి మరొక వైపు ఉన్నది. విడిచినదాన్ని విడిచామన్న సంగతినే మరచిపోవడం ఆ రెండవ వైపు. ఒక ప్రాంతపు సగటు వర్షపాతాన్ని తీసుకుంటే ఈ విషయం తెలుస్తుంది. అనంతపురం ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. ఈ అంకె ప్రయోజనకరమైనదే. కాని అది వాన ఏ నెలలో కురిసినదో చెప్పదు. విత్తిన తరువాత నలభై రోజులు చినుకు లేక వేరుశనగ మొక్క ఎండిపోయి, కోత వేళ కుండపోతగా కురిసినా ఏడాది లెక్కలో సగటు సరిపోవచ్చు. కాగితం మీద అది మంచి సంవత్సరం, రైతుకు అది కరువు సంవత్సరం. అంకె అబద్ధం చెప్పలేదు. దానిని చదివినవాడు అది విడిచిన విషయాలను మరచాడు.

ఇట్లా మరచిపోవడం మనుషుల ప్రాణాల మీదకు వచ్చిన సందర్భం చరిత్రలో ఉన్నది. 1876లో వానలు లేక దక్షిణ భారతంలో భయంకరమైన క్షామం ఏర్పడింది. ధాత నామ సంవత్సరంలో వచ్చినందున ఇది ధాత కరువుగా ప్రసిద్ధి పొందింది. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. అంతకు ముందు 1874లో బీహారు క్షామాన్ని ఎదుర్కొన్న సర్ రిచర్డ్ టెంపుల్ బర్మా నుండి బియ్యం తెప్పించి ప్రాణనష్టాన్ని అరికట్టాడు. అయితే అధికంగా ఖర్చు చేశాడన్న నింద మోశాడు. అదే అధికారి 1877 జనవరిలో భారత ప్రభుత్వ ప్రతినిధిగా మద్రాసుకు వచ్చాడు. ఈసారి పొదుపే లక్ష్యమైంది. సహాయ పనులలో రోజంతా రాళ్లు కొట్టే, మట్టి మోసే పురుషునికి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని నిర్ణయించాడు. పౌను అనగా సుమారు 450 గ్రాములు. స్త్రీలకు, పిల్లలకు అంతకంటె తక్కువ.

ఆ లెక్కలో 'వయోజనుడు' అనే ఒక అమూర్తమైన మనిషి ఉన్నాడు. అతనికి పేరు లేదు, ఊరు లేదు. పనికి రాకముందే అతడు ఎన్ని వారాలు పస్తులున్నాడో లెక్కకు తెలియదు. శిబిరానికి ఎంత దూరం నడిచి వచ్చాడో, తన వంతు ధాన్యంలో ఎంత భాగం బిడ్డకు పెట్టాడో తెలియదు. మద్రాసు ప్రెసిడెన్సీ ఆరోగ్యాధికారిగా ఉన్న డాక్టర్ కార్నిష్ ఈ నిర్ణయాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. శ్రమచేసే దేహాన్ని ఆ కొద్దిపాటి గింజలు నిలపలేవని వాదించాడు. కొన్ని నెలలకు ప్రభుత్వం కూలిని మళ్లీ పెంచవలసి వచ్చింది. ఆ క్షామం ముగిసేసరికి లక్షలాది ప్రజలు మరణించారు.

ఇక్కడ ఒక విషయాన్ని జాగ్రత్తగా గ్రహించాలి. దోషం అంకెలది కాదు. టెంపుల్ తూకం అంకెలతో మాట్లాడినట్లే, కార్నిష్ కూడా తూకాలను, మరణాల సంఖ్యను ఆధారంగా చేసుకొని వాదించాడు. లెక్క లేకపోతే ఎంతమంది చనిపోతున్నారో ఎవరికీ తెలిసేది కాదు. ఇద్దరూ మూర్తం నుండి అమూర్తానికి ఎక్కినవారే. ఒకరు అక్కడే ఆగిపోయారు, మరొకరు ఆ లెక్కను పట్టుకొని మనిషి దగ్గరకు దిగివచ్చారు. జ్ఞానానికీ క్రూరత్వానికీ మధ్య ఉన్న దూరం కొన్ని సమయాలలో ఈ దిగిరావడమంత ఉంటుంది.

విద్యార్థి జీవితానికి కూడా ఈ మాట వర్తిస్తుంది. విద్య అంటే చాలా వరకు అమూర్త భావనలను నేర్చుకోవడమే. సూత్రాలు, నిర్వచనాలు, లక్షణాలు, సగటులు అన్నీ ఎవరో ఎంతో చూసి, ఎంతో విడిచి, మిగిల్చి ఇచ్చిన సారాంశాలు. వాటిని కంఠస్థం చేసినవాడు మెట్ల పైభాగాన్ని మాత్రమే చేరినవాడు. ఎక్కిన మెట్లు అతనికి తెలియవు, దిగే దారి తెలియదు. సూత్రం దేనిని విడిచి ఏర్పడినదో ప్రశ్నించుకున్నవాడు, దానిని తిరిగి ఒక చెట్టుకో, ఒక పద్యానికో, ఒక మనిషికో అన్వయించి చూసుకున్నవాడు మాత్రమే దానిని నిజంగా నేర్చుకున్నవాడు.

అమూర్తీకరణం లేనిదే భాష లేదు, గణితం లేదు, కళ లేదు. ప్రతి చెట్టుకూ ఒక పేరు, ప్రతి ఆవుకూ ఒక పేరు పెట్టుకుంటూ పోతే మనిషి ఆలోచించడానికి అవకాశమే ఉండదు. కనుక విడవక తప్పదు. విడిచినదాన్ని గుర్తుంచుకోకా తప్పదు. తెలుగు భాష ఈ రెండు కర్తవ్యాలనూ ఒక చిన్న మాటలో ఇమిడ్చి ఇచ్చింది. లెక్క నేర్చిన బుద్ధి 'రెండు' అంటుంది. ఆ లెక్కలో ఉన్నవారు మనుషులని ఎరిగిన హృదయం 'ఇద్దరు' అంటుంది.

కఠిన పదాలు – అర్థాలు

గోచరించు : తెలియు, కనబడు
సామాన్య ధర్మం : అన్నింటిలో సమానంగా ఉండే గుణం
నైయాయికులు : న్యాయశాస్త్ర పండితులు
సహస్రాబ్ది : వేయి సంవత్సరాల కాలం
సంకలన వ్యవకలనాలు : కూడికలు, తీసివేతలు
ప్రస్తారం : గురు లఘువుల కూర్పులను వరుసగా విస్తరించి చూపడం
లాక్షణికుడు : కావ్య, ఛందో లక్షణాలను చెప్పేవాడు
లాంఛనం : గుర్తు
ఆస్వాద్యం : అనుభవించి ఆనందించదగినది
దుస్సహం : సహింపరానిది
క్షామం : కరువు

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అమూర్తీకరణంలోని 'విడవడం, నిలపడం' అనే రెండు పనులను గణిత, ఛందస్సుల నుండి ఉదాహరణలతో వివరించండి.
2. ధాత కరువు కాలపు కూలి నిర్ణయం ద్వారా ఈ పాఠం తెలుపుతున్న సత్యమేమిటి?

II. ఈ క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 'గోత్వం', 'అపోహ' అనే భావనల మధ్య భేదాన్ని తెలపండి.
2. పికాసో గీసిన ఎద్దు బొమ్మల విశిష్టతను వివరించండి.
3. సాధారణీకరణం అంటే ఏమిటి?

III. ఈ క్రింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. 'మనిషికీ రాక్షసునికీ మధ్య ఉన్న అంతరాన్ని గణం ఎరుగదు.'
2. 'ఆ ఖాళీయే చూపరి మనస్సులో బుద్ధుని నిలుపుతుంది.'
3. 'కాగితం మీద అది మంచి సంవత్సరం, రైతుకు అది కరువు సంవత్సరం.'

IV. విద్యార్థి కృత్యం
మీ ఊరికి సంబంధించిన ఒక 'సగటు'ను తీసుకొని, ఆ అంకెలో కనబడని విషయాలను అక్కడి పెద్దలను అడిగి తెలుసుకొని పది వాక్యాలలో రాయండి.